ఆరో చోటు ఎవరిది?

సావనీరు కోసం ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగితే, "దేని మీద రాయాలె?" అన్నాను. "నీకు బాగా తెలిసిన దాని మీద" అన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే వున్నాయి. ఒకటి నేను చదివే సబ్జెక్టు. దాని సంగతి మార్కుల మెమో చెబుతుంది. రెండవది పోకెమాన్ ఆట. కనుక అధ్యాపకులు మన్నింతురుగాక, ఈ వ్యాసం రెండవదాని మీద.

తెలియని పెద్దల కోసం నాలుగు ముక్కలు. ఈ ఆట 1996 ఫిబ్రవరిలో జపాన్‌లో వచ్చింది. దాన్ని తయారుచేసిన సతోషి తజిరి చిన్నతనంలో టోక్యో శివారులోని మచిదలో పురుగుల్ని పట్టుకుంటూ తిరిగిన పిల్లవాడు. తొలకరి వానలో ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర లేదు. అతని గేమ్ ఫ్రీక్ కంపెనీ కూడా మొదట, 1983లో, చేత్తో రాసి పిన్నులు కొట్టిన పత్రికగానే పుట్టింది. (సావనీరు కమిటీ వారు ఈ మాట గుర్తుంచుకుంటే చాలు, ఉత్సాహం అదే వస్తుంది.) ఆటలో మనం ఊరూరా తిరుగుతూ గడ్డిలోను, గుహల్లోను, నీళ్ళలోను కనబడే వింత జీవాల్ని పట్టి, పెంచి, పోటీకి దింపాలి. మొదటి ఆటలో వీటి రకాలు 151. వెంట వుంచుకోగలిగేవి మాత్రం ఆరే. మిగిలినవి పెట్టెలో పడి వుంటాయి.

ఆ ఆరు ఏవి? మా హాస్టల్లో దీని మీద జరిగినన్ని వాదాలు సిలబస్ మీద యేనాడూ జరగలేదు.

మేం ఆడింది 2004లో వచ్చిన ఫైర్‌రెడ్. అసలు యంత్రం మా దగ్గర లేదు, ఫోన్‌లోనే ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాములో ఆడాం. అది ఎంతవరకు న్యాయమో లా కాలేజీ మిత్రులు చెప్పాలి. మొదట్లోనే మూడింటిలో ఒకటి కోరుకోమంటారు: గడ్డి జాతి బల్బసార్, నిప్పు జాతి చార్మాండర్, నీటి జాతి స్క్విర్టిల్. కొత్తవాళ్ళు బొమ్మ బాగుందని చార్మాండర్‌ని పట్టుకుంటారు. మొదటి పోటీలోనే రాతి జాతుల బ్రాక్ ఎదురవుతాడు. రాతి మీద నిప్పు పారదు. అప్పుడు తెలిసివస్తుంది, ఎంపిక అంటే అందం చూసి చేసేది కాదని. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కుక్కుట శాస్త్రం తిరగేసి, ఏ వేళకు కాకి దింపాలి, ఏ వేళకు డేగ దింపాలి అని లెక్కలు కట్టేవారికి ఈ జాతుల పట్టిక చూపిస్తే గంటలో పండితులైపోతారు. పందెం మాత్రం వుండదు, ఎవరి ప్రాణమూ పోదు.

జట్టంటే ఆరుగురు వీరులు కాదని కూడా అప్పుడే తెలుస్తుంది. కబడ్డీలో ఏడుగురూ కూతకు పోయేవాళ్ళే అయితే పట్టేవాడెవడు? ఇందులోనూ అంతే. ఒకటి చెట్టు నరకాలి, ఒకటి నీటి మీద మోసుకుపోవాలి. దెబ్బలాటలో మొనగాడు కానిది దారి చూపడంలో పనికొస్తుంది. అయిదు వందలకు ఒకడు అంటగట్టే మాజికార్ప్ అనే చేప ఎగిరెగిరి పడటం తప్ప ఏమీ చెయ్యదు. మొదటిసారి కొన్నప్పుడు రూమంతా నన్ను చూసి నవ్వింది. ఓపికపట్టి ఇరవయ్యో లెవెల్ దాకా పెంచితే అదే గ్యారడోస్ అనే మహాసర్పమవుతుంది.

ఇక్కడే నాకొక ఫిర్యాదు వుంది. ఇప్పుడు ఎవరూ ఈ ఓపిక పట్టడం లేదు. ఆట తెరవకముందే "అన్నిటికన్నా మంచి ఆరు" అనే పట్టిక వెతికి, ఆ ఆరే పట్టి, ఆ ఆరుతోనే గెలుస్తున్నారు. నలుగురి ఫోన్లలోనూ అవే ఆరు. గెలుపుకేమీ లోటు లేదు, కాని అది ఎవరి ఆట? పరీక్ష ముందురోజు జిరాక్స్ సెంటర్లో కొన్న నోట్సుతో పాసైనవాణ్ణి చదివినవాడంటే ఎట్లా వుంటుందో, ఇదీ అట్లాగే వుంది. దీనికి విరుగుడుగా 2010లో నిక్ ఫ్రాంకో అనే అమెరికన్ తన కామిక్‌తో ఒక కఠిన నియమం తెచ్చాడు, దాన్ని నజ్‌లాక్ అంటారు. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైనదాన్నే పట్టాలి, పడిపోతే దాన్ని శాశ్వతంగా వదులుకోవాలి. చాలామంది ప్రతిదానికీ పేరు కూడా పెడతారు. హాస్టల్లో రూం పంచినట్టే. మనం ఎవర్నీ ఎంచుకోం. నోటీసు బోర్డు మీద పేర్లు వుంటాయి, అంతే.

నాకు అట్లా దొరికినవాడు మహబూబాబాద్ వైపువాడు. పేరు రాయను, చదివితే తిడతాడు. ఈ ఆటలో కొన్ని జీవాలు చేతులు మారితేనే తరువాతి రూపం పొందుతాయి. ఒంటరిగా ఎంత ఆడినా రావు. నా దగ్గర కడాబ్రా వుండేది, చేతిలో చెంచా పట్టుకుని వుంటుంది గనుక "చెంచా" అని పేరు పెట్టాను. అతని దగ్గర హాంటర్ అనే దయ్యం, పేరు "కొరివి". "నీది నాకియ్యి, నాది నీకిస్త, రేపు మల్ల మార్చుకుందాం" అన్నాడు. రెండు ఫోన్లు కలిపాం. చెంచా అక్కడ అలకజామ్ అయింది, కొరివి ఇక్కడ జెంగార్ అయింది. ఆ రాత్రి కరెంటు పోయినా మాకు తెలియలేదు.

మరునాడు బతుకమ్మ సెలవులు. ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. నాయన ఆరోగ్యం దెబ్బతిన్నదట, ఇల్లు చూసుకోవాలి. ఒకరోజు వచ్చి టి.సి. తీసుకుని, ట్రంకుపెట్టె ఆటోలో వేసుకుని కాజీపేట స్టేషనుకు పోయాడు. నేను ఆ గంటలో క్లాసులో వున్నాను. ఫోన్ కూడా అమ్మేశాడని తరువాత తెలిసింది. దానితో పాటు నా చెంచా పోయింది. అతని కొరివి నా దగ్గరే వుండిపోయింది.

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. ఫైర్‌రెడ్‌లో జెంగార్ అంత గొప్ప ఎంపిక కాదని తెలిసినవాళ్ళంతా అంటారు, లెక్క ప్రకారం వాళ్ళ మాట నిజమే. దాని బలమంతా ప్రత్యేక దాడుల్లో వుంది. ఆ కాలపు ఆటల్లో దయ్యం జాతి దాడులు, విషజాతి దాడులు రెండూ శారీరక దాడుల కింద లెక్క. అంటే సొంత విద్యలోనే దాని చెయ్యి ఆడదు. 2006లో డైమండ్, పర్ల్ ఆటలతో ఈ పద్ధతి మారింది గాని, మా ఫైర్‌రెడ్‌కు ఆ భాగ్యం లేదు. "గిదెందుకురా, పెట్టెల పడెయ్, ఇంకోటి తెచ్చుకో" అని పక్కరూం వాళ్ళు ఎన్నిసార్లు చెప్పారో.

నేను పడెయ్యలేదు. శాఫ్రన్ పట్టణంలో ఊరికే ఇచ్చే సైకిక్ విద్య దానికి నేర్పాను. సెలడాన్ జూదశాలలో 4,000 నాణేలు పోసి థండర్‌బోల్ట్ కొని అదీ దానికే ఇచ్చాను. ఆ ఆటలో ఇట్లాంటి విద్య ఒక్కసారే నేర్పగలం, ఇంకొకదానికి మిగలదు. ఖర్చు దండగ అన్నారు. చివరి నలుగురిలో బ్రూనో కుస్తీ జాతుల్ని దింపినప్పుడు, వాటి కుస్తీ దెబ్బలు కొరివిని తాకనే లేదు. ఆవేళ రూంలో నేనొక్కణ్ణే వున్నాను. కేక వెయ్యాలనిపించి, పక్కమంచం చూసి ఊరుకున్నాను.

కాబట్టి నా అభిప్రాయం ఇది. అయిదు చోట్లు లెక్క ప్రకారం నింపండి, నేనూ అట్లాగే చేస్తాను. నిప్పు, నీరు, మెరుపు, దారి చూపేది, దెబ్బ ఓర్చుకునేది. ఆరో చోటు లెక్కకు ఇవ్వకండి. మా ప్రాజెక్టు బ్యాచులు పర్సంటేజీ చూసి కట్టినప్పుడు అతన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు; మొదటి బ్యాచువాళ్ళు పిలిస్తే పోయాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, అచ్చులో చెబుతున్నాను.

ఇతరుల దగ్గర్నుంచి వచ్చిన జీవానికి మనం పేరు మార్చలేం, ఆట ఒప్పుకోదు. మొదట పట్టినవాడి పేరు కూడా దాని వివరాల్లో అట్లాగే వుంటుంది. అనుభవం మాత్రం మామూలుకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. అందువల్ల కొరివి ఇప్పుడు నా జట్టులో అన్నిటికన్నా ముందుంది, లెవెల్ 61. ఈ సావనీరు అచ్చయ్యాక ఒక ప్రతి మహబూబాబాద్ వైపు పోస్టులో పోతుంది. ఒరే, ఎప్పుడైనా కొత్త ఫోన్ కొంటే ఆట వేసుకుని ఫోన్ చెయ్యి. నీది నీకు ఇచ్చేది వుంది.