వేలిముద్ర అరిగినంత మాత్రాన మనిషి మారడు

గుర్తింపు కార్డుకూ ఆరోగ్యానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. మన పల్లెల్లో వృద్ధులు చాలామంది రేషన్ బియ్యం మీద, పింఛను మీద, ఆరోగ్యశ్రీ వైద్యం మీద ఆధారపడి బతుకుతున్నారు. ఈ మూడింటికీ నేడు ఆధార్ సంఖ్య కావాలి. ఆ సంఖ్య తనదేనని నిరూపించుకోవడానికి చాలాచోట్ల యంత్రం మీద వేలు పెట్టాలి. అంటే తిండీ మందూ వేలికొన చర్మం మీద ఆధారపడి ఉన్నాయి. చర్మం సంగతి చెప్పవలసింది వైద్యుడే.

వేలి గీతలు తల్లి గర్భంలోనే ఏర్పడతాయి. వాటి ఆకృతి జీవితాంతం మారదన్నది నిజమే. కాని యంత్రం చూసేది పైచర్మాన్ని. వయస్సు పెరిగేకొద్దీ ఆ చర్మం పలుచబడుతుంది, పొడిబారుతుంది, ముడతలు పడుతుంది. మా మరిపెడ ప్రాంతంలో పత్తి ఏరే చేతులు, మిరపకాయలు కోసే చేతులు, సిమెంటు కలిపే చేతులు మరింత త్వరగా అరిగిపోతాయి. చేతి గజ్జి, కుష్ఠు వంటి వ్యాధులలోనూ గీతలు చెడతాయి. క్యాన్సరుకు వాడే కాపెసిటబిన్ మాత్రల వల్ల కొందరికి అరచేతుల చర్మం ఊడి వేలిముద్రలే పడవు. పక్షవాతం వచ్చినవారు వేలును యంత్రం మీద సరిగా ఆనించలేరు.

కనుక ‘సరిపోలలేదు’ అని యంత్రం చెప్పినప్పుడు ఆ మనిషిని అనుమానించడం అన్యాయం. జీవితమంతా కష్టపడి పనిచేసినందువల్లనే ఆ వేళ్లు అరిగాయి. వేలిముద్ర పడకపోవడాన్ని శరీరస్థితిగా చూడాలి గాని మోసంగా చూడరాదు. ‘రేపు రండి’ అనే ఒక్క మాటతో ఆ వృద్ధురాలి కూలి, ఆటో కిరాయి, ఒక పూట అన్నం పోతాయి. పింఛను ఆలస్యమైతే మొదట ఆగిపోయేది బీపీ మాత్ర, షుగరు మాత్ర.

నియమాలు ఇంత కఠినంగా లేవు. ఆధార్ లేదన్న కారణంతో ఆసుపత్రి వైద్యం, బడిలో చేరిక, రేషన్ నిరాకరించరాదని ఆధార్ ప్రాధికార సంస్థే 2018లో స్పష్టం చేసింది. ప్రాణాపాయంలో ఉన్నవారికి ఏ లాంఛనాల కోసమూ ఎదురుచూడకుండా చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అత్యవసరంలో ముందు చికిత్స, ఆ తరువాతే కార్డు. ఇది మీరు గట్టిగా అడగదగిన మాట.

మీ వంతు జాగ్రత్తలూ ఉన్నాయి. ఒక వేలు పడకపోతే చేయి కడిగి, తుడిచి, మరో వేలు పెట్టి చూడండి. రాత్రిళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకోండి. వేలిముద్ర వేసే ముందు మాత్రం నూనె తుడిచివేయండి. కంటిపాప ద్వారాగాని ఓటీపీ ద్వారాగాని గుర్తించమని అడగండి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు జతచేసిన ఫోను మీ దగ్గర ఉండాలి. ఆ నంబరు హైదరాబాదులోని కుమారునిదైతే ఓటీపీ అతనికే పోతుంది. పదేళ్ల కిందట వేసిన ముద్రలను ఆధార్ కేంద్రంలో తిరిగి వేయించండి. మంచం పట్టినవారికి ఇంటికే వచ్చి నమోదు చేసే ఏర్పాటు గురించి ఆ కేంద్రంలోనే విచారించండి.

అయితే భారమంతా వృద్ధుల మీద మోపడం తగదు. ప్రతి రేషన్ దుకాణంలోను, పింఛను ఇచ్చేచోట ఒక సాధారణ రిజిస్టరు ఉండాలి. యంత్రం కాదన్నప్పుడు ఆశా కార్యకర్తగాని పంచాయతీ కార్యదర్శిగాని ‘ఈమెను నేనెరుగుదును’ అని సంతకం చేస్తే ఆనాడే బియ్యం, డబ్బు చేతికి అందాలి. దొంగ పేర్లను అరికట్టడానికి యంత్రం కావాలన్న వాదనలో న్యాయం ఉంది. కాని ఊరంతా ఎరిగిన మనిషిని యంత్రం ఎరుగకపోతే ఊరి మాటే చెల్లాలి.

మీ ఇంటిలోని పెద్దల చేతులను ఈ వారం ఒకసారి పరిశీలించండి. వారి వేలిముద్ర పడుతున్నదో లేదో అవసరం రాకముందే తెలుసుకోండి.