కొర్రమీను ఉంటే సరిపోదు, దాని పిల్లలు కనపడాలి



ప్రకృతి వ్యవసాయం అనగానే మనం చేలో వానపాముల్ని లెక్కపెడతాం, సాలీళ్లనూ అక్షింతల పురుగుల్నీ వీడియోలో చూపిస్తాం. పొలం పక్కన పారే వాగులో ఏముందో మాత్రం ఎవరం చూడం. అడిగితే "మా వాగులో కొర్రమీను ఉందండీ, నీళ్లు బాగానే ఉన్నాయి" అంటాం. ఈ మాట నేను ఒప్పుకోను.

కొర్రమీను మొండి చేప. మిగతా చేపల్లాగా మొప్పల మీదే ఆధారపడదు. మొప్పల పైన, తలలో, గాలి పీల్చుకోవడానికి ఒక గది లాంటిది ఉంటుంది. అందుకే మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగి వెళ్తుంది. నీళ్లు మురిగి ఆక్సిజన్ తగ్గినా బతుకుతుంది. ఎండాకాలం వాగు ఎండితే తడి బురదలో దాక్కుంటుంది. వానలు పడ్డాక తడి నేల మీద పాక్కుంటూ ఇంకో గుంటకు చేరగలదు. అలాంటి చేప కనపడిందని వాగు బాగుందనుకోవడం, జిల్లేడు మొలిచిందని నేల సారం ఉందనుకోవడం లాంటిదే.

వాగు సంగతి తెలియాలంటే దాని పిల్లల్ని చూడాలి. వానాకాలంలో కొర్రమీను జంట ఒడ్డు పక్కన, లోతు తక్కువగా ఉన్నచోట, నాచు, తుంగల మధ్య కొంత జాగా శుభ్రం చేసుకుంటుంది. పసుపుపచ్చని గుడ్లు నీటి మీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. నారింజ రంగు పిల్లలు గుంపుగా తిరుగుతుంటే పెద్ద చేప కాపలా కాస్తుంది. గాలి పీల్చే అవయవం పిల్లలకు పుట్టగానే ఉండదు. మొదట్లో నీళ్లలో ఉన్న ఆక్సిజనే వాటికి దిక్కు. తిండేమో కంటికి ఆనీ ఆనని నీటి జీవాలు. అంటే ఒడ్డున గడ్డి, నీటిలో ఆక్సిజన్, ఆ చిన్న జీవాలు, మూడూ ఉంటేనే ఆ ఎర్ర గుంపు నిలుస్తుంది.

సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపలకు చాలా తక్కువ మోతాదులోనే ప్రమాదం. ఆ సంగతి మనందరికీ తెలుసు. "మనం వాడేది ప్రకృతిలోదే కదా, మన వల్ల ఏమీ కాదు" అనుకుంటాం చూడండి, అక్కడే నా అభ్యంతరం.

ఇప్ప చెక్కనే తీసుకోండి. చెరువుల్లో చేప పిల్లల్ని వదిలేముందు అక్కరలేని చేపల్ని చంపడానికి హెక్టారుకు 2500 కిలోల చొప్పున వేసేది దాన్నే. అందులోని సపోనిన్ చేప రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. ఆ విషం నీళ్లలో రెండు మూడు వారాలు ఉంటుంది, తర్వాత అదే ఎరువవుతుంది. అగ్నాస్త్రంలో వేసే పొగాకులో ఉన్న నికోటిన్ కూడా విషమే. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన విషం విషం కాకుండా పోదు. జీవామృతం విషం కాదు గానీ, డ్రమ్ము కడిగిన పేడ నీళ్లు నిలవ మడుగులో పడితే కుళ్లి ఆక్సిజన్ లాగేస్తాయి. పెద్ద కొర్రమీను గాలి మింగి బయటపడుతుంది. దాని పిల్లలూ, పక్కనున్న పరిగెలూ పోతాయి.

అలాగని కషాయాలు మానమని కాదు. డ్రమ్ములు, స్ప్రేయర్లు వాగులో కడగొద్దు. కడిగిన నీళ్లు ఎరువు కుప్ప మీద పోయండి. కషాయం కొట్టాక కొన్ని రోజులు మడి నీళ్లు వాగులోకి వదలొద్దు. ఇప్ప చెక్క వేస్తే, వాన నీటికి అది వాగులోకి కొట్టుకుపోని చోటే వేయండి. ఒడ్డున తుంగ, గడ్డి రెండు మూడు మీటర్ల వెడల్పున వదిలేయండి. జేసీబీతో గట్టు నున్నగా చెక్కిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ గుడ్లు పెట్టే చోటు పోతుంది. ఇక ఎర్ర గుంపు కనపడగానే "కింద పెద్ద చేప ఉంది" అని గాలం వేయడం ఊళ్లలో మామూలే. కాపలా చేప పోతే ఆ గుంపంతా మిగతా చేపలకు, కప్పలకు మేతే. ఆ నాలుగు వారాలు ఓపిక పట్టమని పిల్లలకు మనమే చెప్పాలి.

తెలంగాణ తన రాష్ట్ర చేపగా కొర్రమీనును పెట్టుకుంది. గౌరవం బాగానే ఉంది. కానీ ఆ చేపకు కావాల్సింది ఒక మూర లోతు నీళ్లు, కాస్త గడ్డి, విషం లేని ఒక వానాకాలం. అవి ఇవ్వాల్సింది వాగు పక్కన పొలం ఉన్న మనమే. ఈసారి వానలకు మీ వాగు ఒడ్డున ఎర్ర గుంపు ఉందో లేదో చూడండి. లేకపోతే పక్క రైతును అనేముందు మన డ్రమ్ము ఎక్కడ కడుగుతున్నామో చూసుకుందాం.