ఎడమ కాలికి ఊరట ఎవరికి?

సైబరాబాద్‌ రద్దీలో గేరుబాక్సుల తీరుతెన్నులు
• రెండు గంటలు నడిపేవారికి ఆటోమేటిక్‌.. పన్నెండు గంటలు నడిపేవారికి క్లచ్‌
• సౌకర్యం, ఖర్చు, మరమ్మతుల మధ్య క్యాబ్‌ డ్రైవర్ల సతమతం

శేరిలింగంపల్లి: సాయంత్రం ఆరు దాటితే బయోడైవర్సిటీ కూడలి వద్ద నిత్యం కనిపించే దృశ్యమిది. కార్లు బారులు తీరి ఉంటాయి. పక్కపక్కనే రెండు కార్లు. ఒకదానిలో ఇంటికి వెళ్తున్న ఐటీ ఉద్యోగి. కుడి పాదాన్ని బ్రేకుపై ఆనించి, ఎడమ కాలు చాపుకొని కూర్చుంటారు. రెండో దానిలో మరో ఉద్యోగిని ఇంటికి చేర్చే క్యాబ్‌ డ్రైవర్‌. ముందున్న వాహనం పది అడుగులు కదిలిన ప్రతిసారీ ఆయన ఎడమ కాలు క్లచ్‌ను తొక్కుతుంది, వదులుతుంది. రెండు కార్లదీ ఒకే వేగం. ఇద్దరిదీ ఒకే నిరీక్షణ. అలసట మాత్రం ఒకటి కాదు. ఈ తేడాకు మూలం బయటకు కనిపించని యంత్ర భాగం.. గేరుబాక్సు.

కారు కొనేవారు ఒకప్పుడు మైలేజీ, రంగు, ధర మాత్రమే అడిగేవారు. ఇప్పుడు ‘ఆటోమేటిక్‌ ఉందా?’ అన్నది తొలి ప్రశ్నల్లో చేరింది. అయితే ఆటోమేటిక్‌ అన్న ఒక్క మాట వెనుక నాలుగైదు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. ఒక్కోదాని నడక ఒక్కో తీరు. ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియకుండా కొన్నవారు తర్వాత నొచ్చుకోవాల్సి వస్తోంది.

గుట్టలపై రహదారులు.. వంతెనలపై నిరీక్షణ

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్‌ బిహారీ వాజ్‌పేయీ సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి మాదాపూర్‌ పరిసరాల్లో బండరాళ్లు, గుట్టలే అధికం. అనంతరం గచ్చిబౌలి, కొండాపూర్‌, నానక్‌రాంగూడ వరకు కార్యాలయాలు విస్తరించాయి. రద్దీని తగ్గించేందుకు మైండ్‌స్పేస్‌ కూడలిలో 2018లో అండర్‌పాస్‌, పైవంతెన వచ్చాయి. బయోడైవర్సిటీ పైవంతెన 2019లో, దుర్గం చెరువు తీగల వంతెన 2020లో, శిల్పా లేఅవుట్‌ పైవంతెన 2022లో అందుబాటులోకి వచ్చాయి. 2023 జనవరి 1న కొత్తగూడ పైవంతెన ప్రారంభమైంది. మెట్రో రైలు సైతం 2019 మార్చిలో హైటెక్‌ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది.

ఇన్ని వచ్చినా వంతెన దిగే చోట, మలుపు తిరిగే చోట రద్దీ తప్పడం లేదు. పైగా సహజంగానే ఎత్తుపల్లాలున్న ఈ ప్రాంతంలో వంతెనల వాలు కూడా తోడైంది. అంటే ఇక్కడ కారు నడిపేవారికి రెండు పరీక్షలు. ఒకటి, ఆగి ఆగి కదలడం. రెండోది, ఎత్తుపై ఆగి వెనక్కి జారకుండా ముందుకు సాగడం. ఏ గేరుబాక్సు మంచిదన్న ప్రశ్నకు సమాధానం ఈ రెండు చోట్లే తేలుతుంది.

మాన్యువల్‌: పట్టు చేతిలో.. భారం కాలిపై

ఇంజిన్‌కు, గేరుబాక్సుకు మధ్య ఉండే క్లచ్‌ను కాలితో విడదీసి, చేత్తో గేరు మార్చి, మళ్లీ కలపడమే మాన్యువల్‌ పద్ధతి. స్టీరింగ్‌ పక్కన గేరు కడ్డీ ఉన్న అంబాసిడర్ల కాలం నుంచి 1983లో వచ్చిన మారుతి 800, 1998 నాటి ఇండికా మీదుగా నేటి వరకు తెలుగు నేలపై డ్రైవింగ్‌ అంటే ఇదే. కారు పూర్తిగా నడిపేవారి పట్టులో ఉంటుంది. ఎప్పుడు ఏ గేరులో ఉండాలన్నది వారి నిర్ణయమే.

రద్దీలో ఈ పట్టే భారమవుతుంది. ఒక చిన్న లెక్క వేస్తే విషయం బోధపడుతుంది. కారు 20 సెకన్లకు ఒకసారి ఆగి కదులుతుందనుకుంటే గంటకు 180 సార్లు. ఆగేటప్పుడు ఒకసారి, కదిలేటప్పుడు ఒకసారి క్లచ్‌ తొక్కినా గంటకు 360 సార్లు. నిత్యం ఇలా సాగితే మోకాలు, చీలమండ, నడుముపై భారం పడటం సహజం. కాలిని పూర్తిగా తీయక సగం క్లచ్‌పై కారును నెట్టుకొచ్చేవారికి మరో నష్టం ఉంది. క్లచ్‌ ప్లేటు రాపిడికి గురై త్వరగా అరిగిపోతుంది. ఎత్తుపై హ్యాండ్‌ బ్రేక్‌ వాడకుండా సగం క్లచ్‌తోనే కారును నిలిపి ఉంచేవారికి ఈ ఖర్చు మరింత ముందుగా ఎదురవుతుంది.

ఏఎంటీ: ధర తక్కువ.. కుదుపు ఎక్కువ

సామాన్యులకు ఆటోమేటిక్‌ను చేరువ చేసింది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో ఇది అడుగుపెట్టింది. నిజానికి ఇది కొత్త గేరుబాక్సు కాదు. పాత మాన్యువల్‌ గేరుబాక్సుకే క్లచ్‌ తొక్కే పనిని, గేరు మార్చే పనిని యంత్రానికి అప్పగించారు. అందువల్లే ధర తక్కువ, మైలేజీ మాన్యువల్‌కు దీటుగా ఉంటుంది.

నడకలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. గేరు మారే క్షణంలో ఇంజిన్‌ శక్తి తెగి, కారు ఒకసారి వెనకాడినట్లు అనిపిస్తుంది. కూర్చున్నవారి తల ముందుకు ఊగుతుంది. గేరు మారే సమయానికి యాక్సిలరేటర్‌పై కాలు కాస్త సడలిస్తే ఈ కుదుపు తగ్గుతుందని అలవాటైనవారు గుర్తించారు. వంతెన ఎక్కేటప్పుడు ఆగాల్సి వస్తే కారు వెనక్కి జారే ప్రమాదం ఉంటుంది. హిల్‌ హోల్డ్‌ సదుపాయం లేని మోడళ్లలో హ్యాండ్‌ బ్రేక్‌ వాడటమే మార్గం. బ్రేకుకు బదులు యాక్సిలరేటర్‌తో కారును ఎత్తుపై నిలిపితే లోపలి క్లచ్‌ కాలిపోతుంది. పెడల్‌ లేదు కనుక క్లచ్‌ కూడా లేదనుకోవడం పొరపాటు.

టార్క్‌ కన్వర్టర్‌, సీవీటీ: మెత్తని నడక

పూర్వం నుంచి ఉన్న అసలైన ఆటోమేటిక్‌ టార్క్‌ కన్వర్టర్‌ రకం. అమెరికాలో జనరల్‌ మోటార్స్‌ సంస్థ 1940 మోడల్‌ ఓల్డ్స్‌మొబైల్‌ కార్లతోనే పూర్తిస్థాయి ఆటోమేటిక్‌ గేరుబాక్సును విపణిలోకి తెచ్చింది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది. టార్క్‌ కన్వర్టర్‌లో జరిగేదీ అదే. గాలి స్థానంలో నూనె ఉంటుంది. ఇంజిన్‌కు, చక్రాలకు మధ్య బంధం ద్రవంతో ఏర్పడటం వల్ల బ్రేకు వదిలితే కారు మెత్తగా కదులుతుంది, కుదుపు తెలియదు. ఎత్తుపైనా నమ్మకంగా నడుస్తుంది. రద్దీలో ఇంధనం కాస్త ఎక్కువ తాగడం, ధర అధికంగా ఉండటం లోపాలు.

సీవీటీలో గేర్లే ఉండవు. పిండిగిర్నీలో పుల్లీకి, పుల్లీకి మధ్య బెల్టు తిరిగినట్లు ఇక్కడ రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. పుల్లీల వెడల్పు సందర్భాన్ని బట్టి మారుతూ వేగాన్ని సర్దుతుంది. గేరు మారడమే లేదు కనుక కుదుపు ప్రసక్తే రాదు. మాదాపూర్‌ రద్దీకి ఇంతకంటే హాయి లేదనేవారున్నారు. కానీ ఒక్కసారిగా యాక్సిలరేటర్‌ నొక్కితే ముందు ఇంజిన్‌ శబ్దం పెరుగుతుంది, వేగం తర్వాత వస్తుంది. రబ్బరు సాగినట్లుండే ఈ తీరు ఓవర్‌టేక్‌ చేసేవారికి రుచించదు.

డీసీటీ: వేగానికి రాజు.. రద్దీకి బెరుకు

రెండు క్లచ్‌లుండే డీసీటీలో బేసి గేర్లను ఒక క్లచ్‌, సరి గేర్లను మరో క్లచ్‌ చూసుకుంటాయి. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది. అందుకే గేరు మారినట్లు కూడా తెలియనంత వేగంగా మారుతుంది. నడపడంలో ఆనందం కోరేవారికి ఇదే తొలి ఎంపిక. అయితే నూనెలో మునగని పొడి క్లచ్‌ ఉన్న రకాలు గంటల తరబడి అంగుళం అంగుళం కదిలే రద్దీలో వేడెక్కుతాయి. ముందు కారుకు అతుక్కొని పాకకుండా కొంత ఖాళీ ఏర్పడ్డాక కదలడం వీటికి మేలు. నూనెలో మునిగి ఉండే తడి క్లచ్‌ రకం వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది. మరమ్మతు వస్తే మాత్రం ఏ రకమైనా జేబుకు భారమే.

2020లో హ్యుందాయ్‌, కియా సంస్థలు ఐఎంటీ పేరుతో మధ్యేమార్గం ప్రవేశపెట్టాయి. ఇందులో గేరు చేత్తోనే మార్చాలి, క్లచ్‌ పెడల్‌ మాత్రం ఉండదు. కాలికి విశ్రాంతి, చేతికి పని అన్నమాట.

ఔటర్‌ ఎక్కితే అంతా ఒక్కటే

ఇన్ని తేడాలూ కూడళ్ల మధ్యే. 158 కిలోమీటర్ల ఔటర్‌ రింగు రోడ్డు ఎక్కి టాప్‌ గేరులో సాగితే ఏ గేరుబాక్సయినా దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అక్కడ క్లచ్‌తో పని లేదు. ఐటీ ఉద్యోగులు వారాంతంలో వెళ్లే వికారాబాద్‌ అనంతగిరి కొండల్లో, శ్రీశైలం ఘాట్‌లో మళ్లీ తేడా కనిపిస్తుంది. దిగేటప్పుడు ఎంతసేపూ బ్రేకుపైనే ఆధారపడితే అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మాన్యువల్‌లో తక్కువ గేరు వేస్తే ఇంజినే కారును నిలవరిస్తుంది. ఆటోమేటిక్‌లోనూ ఇందుకోసం మాన్యువల్‌ మోడ్‌ లేదా ‘ఎల్‌’ స్థానం ఉంటుంది. చాలామంది దానిని ఎన్నడూ వాడకపోవడం గమనార్హం.

నెలకు ఎనిమిది వందలు.. అయినా వెనకడుగే

సైబరాబాద్‌లో క్యాబ్‌లు నడిపేవారిలో పాలమూరు, నల్గొండ, మెదక్‌, వికారాబాద్‌ ప్రాంతాల యువకులు ఎందరో ఉన్నారు. పొలం మీద ఆదాయం చాలక, అప్పు చేసి కారు కొని, రోజుకు పది పన్నెండు గంటలు స్టీరింగ్‌ ముందే గడుపుతున్నారు. వీరి కార్లలో అత్యధికం మాన్యువల్‌వే. రోజుకు రెండు గంటలు నడిపే ఉద్యోగికి కాలి ఊరట దక్కింది. పన్నెండు గంటలు నడిపే డ్రైవర్‌కు దక్కలేదు.

చిన్న కార్లలో మాన్యువల్‌కు, ఏఎంటీకి ధరలో తేడా సుమారు రూ.50 వేలు. అయిదేళ్ల రుణంపై వడ్డీని పక్కన పెడితే నెలకు దాదాపు రూ.833. నెలకు 25 రోజులు నడిపితే రోజుకు రూ.33. పన్నెండు గంటల కాలి శ్రమకు ఇది పెద్ద మొత్తం కాదనిపిస్తుంది. అయినా డ్రైవర్లు వెనకాడటంలో అర్థముంది. మాన్యువల్‌ కారు ఏ ఊళ్లో ఆగిపోయినా మెకానిక్‌ దొరుకుతాడు. బ్యాటరీ దిగిపోతే నలుగురు నెట్టి స్టార్ట్‌ చేయవచ్చు. ఆటోమేటిక్‌లో ఆ వీలుండదు. ఏఎంటీలో క్లచ్‌ నడిపే యంత్రం మొరాయిస్తే కంపెనీ సర్వీస్‌ సెంటరే దిక్కు. కారు ఒక్క రోజు షెడ్డులో ఉంటే ఆ రోజు సంపాదన పోతుంది, కిస్తీ మాత్రం ఆగదు. గ్యాస్‌తో నడిచే కార్లలో ఆటోమేటిక్‌ లేకపోవడం కూడా చాలాకాలం అడ్డంకిగా నిలిచింది. 2024 ఫిబ్రవరిలో టాటా సంస్థ టియాగో, టిగోర్‌ సీఎన్‌జీ కార్లను ఏఎంటీతో విడుదల చేయడంతో ఆ దారి తెరుచుకుంది.

విద్యుత్తు కార్లతో కొత్త దారి

ఈ చర్చనంతా పక్కకు నెట్టగలిగేవి విద్యుత్తు కార్లు. వీటిలో క్లచ్‌ లేదు. మార్చాల్సిన గేర్లూ లేవు. తొక్కిన మరుక్షణం మోటారు పూర్తి బలంతో లాగుతుంది. వంతెన దిగేటప్పుడు యాక్సిలరేటర్‌ వదిలితే మోటారే జనరేటర్‌గా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఆగి ఆగి సాగే ప్రయాణంలో పెట్రోలు కారు నష్టపోతే, ఇది అంతగా నష్టపోదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు వర్తించేలా ట్యాక్సీలు సహా విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్‌ రుసుం మినహాయింపు ప్రకటించింది. అయితే కొనుగోలు ధర, ఛార్జింగ్‌కు పట్టే సమయం, అద్దె ఇళ్లలో ఛార్జింగ్‌ వసతి లేకపోవడం డ్రైవర్లను ఆలోచనలో పడేస్తున్నాయి. పల్లె నుంచి వచ్చి ఇరుకు గదిలో ఉండే డ్రైవర్‌కు కారు నిలిపే చోటే గగనం. ఇక ఛార్జింగ్‌ పాయింటు మాట చెప్పనక్కర్లేదు.

మారేవారు మరవరాదు

మాన్యువల్‌ నుంచి ఆటోమేటిక్‌కు మారేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. రెండు పెడళ్లనూ కుడి కాలితోనే వాడాలి. క్లచ్‌ అలవాటుతో ఎడమ కాలు బ్రేకును గట్టిగా తొక్కితే వెనుక వచ్చేవారు ఢీకొంటారు. ‘డి’లో ఉన్నప్పుడు బ్రేకు వదిలితే చాలా కార్లు వాటంతటవే కదులుతాయి. ఇంటి ముందు పిల్లలున్న చోట ఇది మరవరాదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌పై పరీక్ష నెగ్గినవారు మాన్యువల్‌ నడపరాదు. మన దేశంలో తేలికపాటి వాహనాల లైసెన్సు ఉంటే రెండూ నడపవచ్చు. కనుక ఆ తేడా నేర్పాల్సిన బాధ్యత డ్రైవింగ్‌ స్కూళ్లపైనే ఉంది.

కొనేవారు షోరూం చుట్టూ ఖాళీ రోడ్డుపై ఐదు నిమిషాలు నడిపి నిర్ణయం తీసుకుంటే లాభం లేదు. సాయంత్రం రద్దీలో ఒకసారి, వంతెన ఎత్తుపై ఆగి కదులుతూ ఒకసారి నడిపి చూడాలి. తక్కువ ధరకు ఏఎంటీ, మెత్తదనానికి సీవీటీ లేదా టార్క్‌ కన్వర్టర్‌, వేగానికి డీసీటీ, పల్లె ప్రయాణాలకు మాన్యువల్‌.. అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి.

ఇక క్యాబ్‌ల విషయంలో నిర్ణయం డ్రైవర్‌ ఒక్కరి చేతిలో లేదు. ఉద్యోగుల రవాణాకు కార్లను కుదుర్చుకునే సంస్థలు కారు రంగు, వయసు, సీట్ల సంఖ్య చూస్తున్నాయి. నడిపేవారి కాలి గురించి కూడా ఆలోచించి ఆటోమేటిక్‌, విద్యుత్తు కార్లకు కిలోమీటరుకు కొంత ఎక్కువ చెల్లిస్తే, కార్యాలయాల్లోనే ఛార్జింగ్‌కు వీలు కల్పిస్తే మార్పు వేగంగా వస్తుంది. రాత్రి రెండు గంటలకు ఉద్యోగిని క్షేమంగా ఇల్లు చేర్చాల్సింది అలసిన ఆ కాలే. దానికి ఊరటనివ్వడం లోపల కూర్చున్నవారి భద్రతకూ అవసరమే.