ఏడువారాల శిఖరాలు

మా ఇందుకూరుపేట వైపు కొండ అనేది లేదు. వరిచేలు, రొయ్యల గుంటలు, ఇంకాస్త ముందుకెళితే మైపాడు సముద్రం... అంతే! ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లంటారే, ఆ కొలత మొదలయ్యేది సముద్రమట్టం దగ్గర. అంటే మేముండేది సున్నా దగ్గరన్నమాట!

ఇదే జిల్లాలో పుట్టి ఆ చివరిదాకా వెళ్ళినవాడి కథ ఈ వారం. సినిమా పత్రికలో కొండల గోలేందయ్యా అని విసుక్కోకండి. తెరమీద హీరో లోయలోకి దూకితే, దూకింది డూపని తెలిసీ ఈలలేస్తాం కదా! ఇక్కడ డూపూ లేడు, కింద వలా లేదు.

అతని పేరు మల్లి మస్తాన్‌బాబు. సంగం దగ్గర గాంధీజనసంఘం అనే పల్లెలో, గిరిజన కుటుంబంలో 1974లో పుట్టాడు. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో సీటొచ్చింది. ఆ బళ్ళో ఒక విగ్రహం ఉంది. లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావుది. అక్కడే చదివి, సైన్యంలో చేరి, 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు విడిచిన అయిదుగురు అధికారుల్లో ఒకడు.

చూశారా తమాషా! శిఖరం అందుకున్నవాడి విగ్రహం కాదది. అందుకోకుండానే రాలిపోయినవాడిది. మామూలు కుర్రాడయితే దాన్ని చూసి ‘అమ్మో, మనకొద్దు’ అనుకునేవాడు. మస్తాన్ మాత్రం ‘ఈయన ఆపినచోటి నుంచి నేనెళతా’ అన్నట్టు పెరిగాడు. ఆ కొండ ప్రాణం తీస్తుందని పిల్లప్పుడే తెలుసు. తెలిసీ వెళ్ళాడు. తెలియక వెళ్ళేవాళ్ళది ధైర్యమని నేననను, హుషారంటాను.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., కలకత్తా ఐ.ఐ.ఎం... ఈ చదువుతో ఏసీ గదిలో కూర్చుని హాయిగా బతకొచ్చు. 2006లో ఆయన చేసిందేమిటో వినండి. మన అమ్మమ్మలకి ఏడువారాల నగలుండేవి గుర్తుందా, రోజుకో రకం? ఈయన ఏడు ఖండాల్లో ఎత్తయిన శిఖరాలు ఏడూ ఎక్కితే అవీ ఏడు వారాలకి సరిపోయాయి! జనవరి 19 గురువారం అంటార్కిటికాలో విన్సన్. ఫిబ్రవరి 17 శుక్రవారం అకంకాగువా. మార్చి 15 బుధవారం కిలిమంజారో. ఏప్రిల్ 1 శనివారం ఆస్ట్రేలియాలో కోషియస్కో (ఏప్రిల్ ఫూల్ కాదు, నిజమే!). మే 21 ఆదివారం ఎవరెస్టు. జూన్ 13 మంగళవారం ఎల్‌బ్రస్. జులై 10 సోమవారం అలాస్కాలో డెనాలి. మొత్తం 172 రోజులు. అప్పటికదే రికార్డు. తర్వాత వేరేవాళ్ళు దాటారనుకోండి, రికార్డులుండేదే అందుకు.

ఎనిమిది వేల మీటర్లు దాటాక, ఒక్కో గుక్కలో దొరికే ప్రాణవాయువు మైపాడు గాలిలో ఉన్నదాంట్లో మూడోవంతుకి కాస్త అటూ ఇటూ. ఓ అడుగు వేయడం, ఆగి రొప్పడం, మళ్ళీ ఓ అడుగు. ఇందులో ఫైటింగ్ సీనేం లేదు.

2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఆయన జాడ తెలియకుండా పోయింది. ఏప్రిల్ 3న దేహం దొరికింది. నలభయ్యేళ్ళు! ఆ నెలలోనే సొంతూరికి తెచ్చి అంత్యక్రియలు జరిపారు.

అంతకు ముందేడాదే, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగు నిండలేదు. మొదటి పాఠం మన భువనగిరి బండ మీదే. దారిలో శవాలు చూసి భయమేసిందని ఆ పిల్లే చెప్పింది. భయమేసినా నడిచింది. ఆమె కథని రాహుల్ బోస్ 2017లో హిందీలో ‘పూర్ణ’గా తీశాడు. చూడనివాళ్ళు చూడండి.

మస్తాన్ కథ ఎవరైనా తీస్తే ఒక్క మనవి బాబూ! డ్యూయెట్ పెట్టుకుంటే పెట్టుకోండి, క్లైమాక్స్ మంచులో పెట్టుకోండి. కానీ కోరుకొండ బళ్ళో ఆ విగ్రహం ముందు నిక్కరేసుకున్న పిల్లవాడు నిలబడ్డ షాటుంటుందే, అది మాత్రం ఎడిటింగ్‌లో కోసెయ్యకండి!