పైన మెరుపు... లోన చిక్కు!

తెరమీద తెల్లటి బొచ్చుపిల్లి కనిపించిందంటే పక్కనే విలన్ ఉన్నాడన్నమాటే! 1963లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రం ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో బ్లోఫెల్డ్ ముఖమే చూపించలేదు. ఒడిలో పిల్లి, దాన్ని నిమిరే చేతులు... అంతే. 1967లో ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’కి వచ్చేసరికి ముఖం చూపించారు గాని, పిల్లిని మాత్రం వదల్లేదు. రెండింట్లోనూ ఆయనగారు నిమరడమేగాని, ఒక్కసారైనా దువ్విన పాపాన పోలేదు! తెరవెనక ఎవరో మహానుభావుడు దువ్వబట్టే ఆ మెరుపు.

అవునండీ, నిమరడం వేరు, దువ్వడం వేరు. ఈ తేడా నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

మల్లి మా ఇంటి పర్షియన్ పిల్లి. రోజూ సాయంత్రం మెత్తని కుచ్చు బ్రష్షుతో దాని వీపు దువ్వేవాణ్ణి. పట్టులా మెరిసేది. ఇంటికొచ్చినవాళ్ళు “హీరోయిన్‌లా ఉందండీ” అంటే నేను పొంగిపోయేవాణ్ణి. ఒకరోజు ఎత్తుకోబోతే చెయ్యి కరిచింది. మర్నాడూ అంతే. “గారాబం చేసి పాడుచేశాం, పొగరెక్కింది” అన్నాను.

పశువైద్యుడు ముందుకాలు ఎత్తి, సందులో బొచ్చు విడదీసి చూపించాడు. కంబళి ముక్కలా ఉండకట్టి చర్మానికి అతుక్కుపోయింది. అడుగేసినప్పుడల్లా లాగుతోంది. కింద చర్మం ఎర్రగా కమిలింది. మెషిన్‌తో గొరగక తప్పలేదు. “దానిది పొగరు కాదండీ, నొప్పి” అన్నాడాయన. నాకు తలెత్త బుద్ధి కాలేదు.

పిల్లి తన ఒళ్ళు తానే నాక్కుంటుందిగా, మధ్యలో మనమెందుకు అంటారా? దాని నాలుక మీద వెనక్కి వంగిన సన్నని ముళ్ళుంటాయి. అదే దాని దువ్వెన. 2018లో అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు ఇంటిపిల్లి మొదలు పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకలు పరీక్షించారు. ఒక్కో ముల్లు చివర చిన్న గరిటెలా గుంట ఉండి, ఉమ్మిని బొచ్చు లోపలికి తీసుకుపోతుందని తేల్చారు. కాని పర్షియన్ పిల్లి దగ్గరికొచ్చేసరికి ఆ ముళ్ళు చర్మాన్ని అందుకోలేవట! ఏరికోరి జతకట్టించి బొచ్చు పెంచింది మనిషి. నాలుకని మాత్రం పెంచలేకపోయాడు. అంచేత ఆ మిగిలిన పని మనదే.

మరి కొనాల్సిందేమిటి? ముందు బ్రష్షు కాదు, స్టీలు దువ్వెన. సగం పళ్ళు ఎడంగా, సగం దగ్గరగా ఉండేది. మన అమ్మమ్మల చిక్కుదువ్వెన, పేలదువ్వెన ఒకే కర్రకి బిగించారనుకోండి! పళ్ళ కొనలు గుండ్రంగా ఉండాలి. బొచ్చు దాటి చర్మం దాకా అందేంత పొడవుండాలి. అందని దువ్వెన ఎంత ఖరీదైనా దండగే.

రెండోది వంకర తీగల బ్రష్షు. స్లికర్ అంటారు. ఊడిన బొచ్చుని బాగా లాగుతుంది. కొనేముందు మీ ముంజేతి లోపలివైపు గీసుకు చూడండి. మీకు గుచ్చుకుంటే దానికీ గుచ్చుకుంటుంది. నొక్కిపట్టి దువ్వితే చర్మం గీరుకుపోతుంది, జాగ్రత్త.

నేను నమ్ముకున్న కుచ్చు బ్రష్షు ఆఖర్న మెరుగు పెట్టడానికే. మేకప్‌మన్ చేతిలో పౌడర్ పఫ్ లాంటిదన్నమాట! ఇక బ్లేడు బిగించిన పనిముట్లు... అతిగా వాడితే మంచి బొచ్చు కూడా తెగుతుంది. కొత్తవాళ్ళు వాటి జోలికి పోకపోతేనే మంచిది.

దువ్వడం ఎలాగో మీకు తెలిసిందే. అమ్మ జడవేసేటప్పుడు ఏం చేసేది? కుదుళ్ళ దగ్గర గుప్పిట పట్టి, కొసల నుంచి చిక్కు తీసుకుంటూ పైకి వచ్చేది. ఇదీ అంతే. ముందు కాళ్ళ సందులు, చెవుల వెనక, పొట్ట, వెనక తొడలు. వీపు చివర్న. రోజూ ఐదు నిమిషాలు చాలు. తోక విదిలిస్తే ఆపెయ్యండి, మళ్ళీ రేపు చూసుకోవచ్చు.

ఉండకడితే కత్తెర పట్టకండి. ఉండతోపాటు చర్మం పైకి లేస్తుంది. పల్చటి చర్మం, ఇట్టే తెగుతుంది. చిక్కు తియ్యకుండా స్నానమూ వద్దు. తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఉండ గట్టిపడిందా, డాక్టరు దగ్గరికే!

మా మల్లికి బొచ్చు మళ్ళీ వచ్చింది. కాని దువ్వెన ముందుకాలి సందుకి చేరేసరికి ఇప్పటికీ తల తిప్పి నా వంక చూస్తుంది. నేను చెయ్యి ఆపుతాను. అది మళ్ళీ అటు తిరిగి పడుకున్నాకే మొదలెడతాను.

అదండీ సంగతి! మీ ఇంట్లోనూ ఓ బొచ్చుపిల్లి ఉంటే, ఈ పూట వీపు వదిలేసి కాళ్ళ సందులో ఒకసారి వేళ్ళు పెట్టి చూడండి.