కొండ లేని అగ్నిపర్వతం

బిలాస్‌పూర్ నుంచి అమర్‌కంటక్ వెళ్లే దారిలో తగిలే ఊరు రతన్‌పూర్. ఒకనాటి కలచురుల రాజధాని. రైల్వే కొలువులతో బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇక్కడి మహామాయ గుడి దగ్గరి యాత్ర. దారిలో కోసుగా కనిపించిన గుట్టనల్లా పిల్లలు అగ్నిపర్వతమేమో అనుకుంటారు. తప్పు వారిది కాదు, పాఠ్యపుస్తకంలోని బొమ్మది.

రకాన్ని తేల్చేది ప్రధానంగా లావా చిక్కదనం. సిలికా తక్కువైతే లావా పలచగా దూరం పారుతుంది. హవాయిలోని మౌనా లోవా అందుకే బోర్లించిన డాలులా పరుచుకుంది. సిలికా పెరిగితే లావా చిక్కబడి వాయువులను బిగబడుతుంది, చివరికి పేలుతుంది. బూడిద, లావా పొరలు పొరలుగా పేరుకున్నది జపాన్‌లోని ఫ్యూజీ. అండమాన్‌లో 1991లో మళ్లీ నిద్రలేచిన బారెన్ దీవిదీ పొరల నిర్మాణమే. మూడో రకం మాడిన రాళ్ల గుట్ట. మెక్సికోలో 1943లో మొక్కజొన్న చేలో పుట్టిన పరికుటిన్ 1952లో చల్లారేసరికి 424 మీటర్లు ఎదిగింది.

నాలుగో రకానికి కొండే ఉండదు. నేల పగుళ్లలోంచి లావా వరదలా పొంగుతుంది. రతన్‌పూర్ దాటి అమర్‌కంటక్ ఎక్కితే కాళ్ల కింద ఉండేది అదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా. పైన ఎర్రటి లాటరైట్, కింద నల్లగా, బరువుగా, సన్నని రేణువులతో బసాల్ట్. మెట్లుమెట్లుగా తెగిన కొండవాలు దాని గుర్తు.

అదే నల్లరాయి గోదావరికి అటూ ఇటూ కాతేరు, పంగిడి, గౌరీపట్నం దగ్గరా ఉంది. రాతి రసాయన గుణం మహాబలేశ్వరం ప్రాంతపు లావాతో సరిపోలడంతో, అది నదీలోయల వెంట దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. భూమిపై ఇంత దూరం పారిన లావా అరుదు. రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న సున్నపురాయిలో సముద్రజీవుల శిలాజాలున్నాయి. డైనోసార్లు అంతరించాక జీవం ఎలా కోలుకుందో చెప్పే సాక్ష్యాలవి.

చిక్కల్లా ఒక్కటే. ఆ పొరలను బయటపెట్టింది కంకర క్వారీలు, మింగేస్తున్నదీ అవే. రోడ్లకు కంకర కావాలి, కాదనలేం. కానీ ఒక్క క్వారీ గోడనైనా తవ్వకుండా మిగిల్చి పక్కన బోర్డు పెడితే, పిల్లల ప్రశ్నకు జవాబును వేలుపెట్టి చూపించవచ్చు.