భుజం ఆపరేషను, మెడ పక్కన సూది



భుజం ఆపరేషను అనగానే మన ఇళ్లలో రెండు భయాలు పుడతాయి. ఒకటి, ఆపరేషను తర్వాత వచ్చే నొప్పి. రెండవది, ఆ నొప్పి రాకుండా మెడ పక్కన ఇచ్చే సూది. "నరానికి సూది వేస్తే చేయి పడిపోతుంది" అనే మాట పల్లెల్లో బలంగా నాటుకుపోయింది. ఆ మాట విని, మేలు చేసే వైద్యాన్ని వద్దని చెప్పి, రాత్రంతా మూలుగుతూ గడిపే పెద్దలున్నారు. అందుచేత ఈ నెల ఆ సూది సంగతి తెలుసుకొందాము.

పేట్ బషీరాబాద్, కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట వైపు భుజం దెబ్బలకు కొదువ లేదు. నాగపూర్ రోడ్డు మీద బండి జారి పడేవారు, తాటిచెట్టు మీది నుండి పడే గీత కార్మికులు, ఏళ్ల తరబడి బరువులు ఎత్తి కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాళ్లు తెగిపోయినవారు, వీరిలో కొందరికి ఆపరేషను తప్పదు. భుజం ఆపరేషను నొప్పి మొదటి ఒకటి రెండు రోజులు చాలా తీవ్రంగా ఉంటుంది. పడుకోలేరు, దగ్గలేరు, పక్కకు తిరగలేరు.

మనం మాట్లాడే తెలుగులో ఒక చిక్కు ఉంది. సెలైను ఎక్కించేదాన్నీ నరం అంటాము, నొప్పిని మెదడుకు చేరవేసేదాన్నీ నరం అంటాము. మొదటిది రక్తనాళం, రెండవది నాడి. మెడలోని వెన్నుపూసల నుండి బయలుదేరిన నాడులు ఒక గుత్తిగా కూడి, భుజానికీ చేతికీ వెళతాయి. ఆ గుత్తి చుట్టూ మందు పోస్తే, భుజం పంపే నొప్పి కబురు మెదడుకు చేరదు. మందు దిగిపోగానే నాడి మామూలుగా పనిచేస్తుంది. దీనినే డాక్టర్లు నర్వ్ బ్లాక్ అంటారు. సూదిని నాడిలోకి గుచ్చరు, దాని పక్కన మందు వదులుతారు.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటి ఆపరేషనుకు కొకైను చుక్కలు వాడి, ఆ భాగాన్ని మాత్రమే మొద్దుబార్చవచ్చునని చూపాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ నాడుల పక్కన మందు ఎక్కించాడు. కొకైనుతో అలవాటు, అపాయం రెండూ ఉన్నందున తర్వాత వేరే మందులు తయారు చేశారు. 1943లో స్వీడనులో లిడోకెయిన్, 1957లో బుపివకెయిన్ వచ్చాయి.

మత్తు వైద్యంతో మన హైదరాబాదుకూ పాత సంబంధం ఉంది. 1888, 1889 సంవత్సరాలలో ఇక్కడ డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధన సహాయంతో, రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారం వల్ల గుండెకు నేరుగా ప్రమాదం లేదని వారు తేల్చిన మాట తర్వాతి పరిశోధనల ముందు నిలువలేదు. కాని మత్తు ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను కనిపెట్టి ఉండాలని వారు నొక్కి చెప్పినది నేటికీ నిలిచి ఉంది. ఆ రోజులలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరు పొందారు.

ఇప్పుడు చాలా ఆసుపత్రులలో మత్తు డాక్టరు అల్ట్రాసౌండు తెర మీద నాడినీ, సూది మొననూ చూస్తూ మందు ఇస్తారు. సుమారు అరగంటలో చేయి బరువెక్కి మొద్దుబారుతుంది. బుపివకెయిన్ వంటి మందు అయితే పన్నెండు నుండి పద్దెనిమిది గంటల వరకు, కొందరికి ఇంకా ఎక్కువసేపు పనిచేస్తుంది. దీనివల్ల మార్ఫిన్ వంటి గట్టి మందుల అవసరం తగ్గుతుంది. వాటితో వచ్చే వాంతులు, మలబద్ధకం, మగత కూడా తగ్గుతాయి.

ఇబ్బందులూ చెప్పవలసి ఉంది. ఆ పక్క కనురెప్ప కొంచెం వాలవచ్చును, గొంతు బొంగురుపోవచ్చును. మందు దిగిపోతే ఇవి వాటంతటవే పోతాయి. ఊపిరికి తోడ్పడే ఉదరవితానానికి వెళ్లే నాడి కూడా పక్కనే ఉన్నందున, ఆ వైపు శ్వాస కొంతసేపు తగ్గుతుంది. ఆరోగ్యవంతులలో చాలామందికి అది తెలియదు. కాని ఉబ్బసం ఉన్నవారు, క్షయతో ఊపిరితిత్తి దెబ్బతిన్నవారు, ఏళ్లుగా బీడీ త్రాగినవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. వారికి భుజం వెనుక వైపు ఇచ్చే వేరే రకం బ్లాక్ ఉన్నది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు, మందులు పడనివారు కూడా దాచకూడదు. మందు రక్తంలో కలిస్తే పెదవులు తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, ఫిట్సు రావచ్చును. అందుకే అన్ని ఏర్పాట్లూ ఉన్న చోటే ఈ సూది ఇస్తారు. నాడికి ఎక్కువ కాలం నిలిచే హాని అరుదు. అయినా రెండు రోజులు దాటినా తిమ్మిరి పోకపోతే వెంటనే ఆసుపత్రికి తెలియజేయాలి. ఊపిరి ఆడకపోతే క్షణం కూడా ఆలస్యం చేయకూడదు.

ఇక ఇంటివారు ముఖ్యంగా గమనించవలసినది ఆ మొదటి రాత్రి. పగలు ఆపరేషను అయినవారికి నొప్పి ఉండదు, హాయిగా మాట్లాడుతారు. "నొప్పే లేదు, మాత్ర ఎందుకు?" అని ప్రక్కన పెడతారు. అర్ధరాత్రి లేక తెల్లవారుజామున మందు దిగిపోతుంది, దాచుకొన్న నొప్పి అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. అప్పుడు మాత్ర వేసినా అది పనిచేసేలోగా రోగి విలవిలలాడుతాడు. ఆపరేషను సూది చెడిందని ఇంటివారు కంగారుపడతారు. కాబట్టి డాక్టరు చెప్పిన మాత్రలు, నొప్పి లేకపోయినా, చెప్పిన వేళకే వేయాలి. ఇంటికి వెళ్లే ముందే "మందు ఎన్ని గంటలకు దిగుతుంది? మొదటి మాత్ర ఎప్పుడు?" అని అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. రాత్రి మెలకువగా ఎవరు ఉంటారో ముందే అనుకోండి.

మొద్దుబారిన చేతికి వేడి తెలియదు. పొయ్యి దగ్గరకు, వేడి గిన్నెల దగ్గరకు పోనివ్వకండి. చేయి జోలెలోనే ఉండాలి. దాని మీద పడుకోనివ్వకండి. ఆపరేషనుకు ముందు మామూలుగా తేలికపాటి తిండి ఆరు గంటలు, నీళ్లు రెండు గంటలు మానమంటారు. నూనె, మాంసంతో కూడిన భోజనమైతే ఎనిమిది గంటలు మానాలి. మీ ఆసుపత్రివారు చెప్పినదే పాటించండి.

నొప్పిని ఓర్చుకోవడం భక్తి అనుకొనే పెద్దలు మనలో ఉన్నారు. 1847లో స్కాట్లాండులో జేమ్స్ సింప్సన్ ప్రసవ వేదనకు క్లోరోఫారం ఇచ్చినప్పుడు కొందరు ఇదే ఆక్షేపణ చేశారు. ఆదాము ప్రక్కటెముకను తీయకముందు దేవుడే అతనిని నిద్రపుచ్చాడు గదా అని ఆయన బదులిచ్చాడు. నొప్పితో బిగుసుకొన్నవాడు వ్యాయామం చేయడు. వ్యాయామం చేయని భుజం పట్టేస్తుంది, ఆపరేషను చేయించిన ఫలం తగ్గిపోతుంది. కనుక మన ఇంటి పెద్దలు నొప్పి లేదని చెప్పినా వారి ముఖం చూడండి, మళ్లీ అడగండి. మత్తు డాక్టరును కలిసే వేళ వారి వెంట ఇంటివారు ఒకరు తప్పక వెళ్లాలని మేము కోరుచున్నాము.